కట్టిన గజ్జె

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉస్మానియా క్యాంపస్‌లో ఆటపాట ఎన్నింటికని అడిగితే ఎవరూ టైము చెప్పేవాళ్ళు కాదు. "గజ్జె కట్టుడు పొద్దూకినంక" అనేవాళ్ళు. గజ్జె కట్టారంటే ఆట మొదలైనట్టే, వేదిక ఎక్కారా లేదా అన్నది తర్వాతి సంగతి. కట్టిన గజ్జెను ఆట పూర్తికాకుండా విప్పకూడదు. ఉప్పలమ్మకు వాళ్ళమ్మ నేర్పిన కట్టుబాటు అది.

క్యాంపస్ పక్కనే, తార్నాకలో మా కింది వాటా కమలాదేవిగారింట్లో ఉప్పలమ్మ పనిచేసేది. కమలాదేవిగారిది గుడివాడ. ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయినా ఆవకాయ మాత్రం అక్కణ్ణుంచే రావాలి. ఉప్పలమ్మకు పొద్దున ఈ ఇంటి గిన్నెలు, సాయంత్రం క్యాంపస్‌లో పాట. ఆ రెండో సంగతి ఈ ఇంట్లో ఎత్తేది కాదు.

ఒకరోజు జనంలో తోపులాట ఎందుకని, మహా తెలివిగా, ఇంటి దగ్గరే గజ్జె కట్టుకుని బయల్దేరింది. తీరా వెళ్తే పోలీసులు గేటు మూసేశారు. సభ రద్దు. మర్నాడు ఘల్లుఘల్లుమంటూ గిన్నెలు తోమడానికొచ్చింది. పెరుగు తోడు కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమిటే ఆ చప్పుడు?" అన్నారు కమలాదేవిగారు.

"ఆట గాలేదమ్మా, గజ్జె ఇప్పొద్దు. మళ్ల ఆట ఎప్పుడో ఏమో. కాళ్లు కోసుకపోతున్నయ్."

నిజమే, తాడు ఒరిసి మడమల పైన ఎర్రగా కమిలింది. కమలాదేవిగారికి కోపం, జాలి ఒకేసారి వస్తాయి.

"ఇక్కడే ఆడి విప్పి పారెయ్. మేమిద్దరం జనం కామా?" అని కుర్చీలు పక్కకు జరిపించి కూర్చున్నారు.

ఉప్పలమ్మ బిక్కమొహం వేసి నావైపు చూసింది. తను క్యాంపస్‌లో పాడే పాట ఆఖరి చరణం నాకూ తెలుసు. మూటాముల్లె సర్దుకుని మీ ఊళ్ళకు మీరు పొండి అని ఆంధ్రావాళ్ళకు చెప్పే చరణం. సరే, మొదలుపెట్టింది. అబ్బ, ఏం గొంతు! ఆ హాలు ఏ మూలకూ చాల్లేదు. ఆఖరి చరణం ముందు టక్కున ఆగింది.

"అయిందా?"

"ఇంకొకటున్నదమ్మా. అది ఈడ పాడ."

"పాడకపోతే గజ్జె విప్పవుగా?"

"ఇప్ప."

"రోజూ కిటికీలోంచి వినిపిస్తూనే ఉందిలే ఆ చరణం. పాడు. నేను గిన్నెలు చూసుకుంటా" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పారు.

ఉప్పలమ్మ కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి పాడింది. గజ్జె విప్పి కొంగున చుట్టుకుని వంటింట్లోకి నడిచింది. వెనకే నేను. కుళాయి ధారగా పోతోంది, కింద గిన్నె ఒక్కటీ లేదు. కమలాదేవిగారు కిటికీ చువ్వలు పట్టుకుని ఏడుస్తున్నారు.

ఉప్పలమ్మ కుళాయి కట్టేసింది.

"రేపు వస్తావా?" అన్నారావిడ, ఇటు తిరక్కుండానే.

"వస్తనమ్మా. నువ్వుంటవు గద?"