మావయ్య కుడికాలు

మావయ్యకున్న జబ్బు ఒక్కటే. ఆయన బ్రేకు వేస్తాడు. బ్రేకు ఉన్నచోట వేయడం పెద్ద గొప్పేమీ కాదు, ఆ పని అందరూ చేస్తారు. మావయ్య బ్రేకు లేనిచోట వేస్తాడు.

ఆయనది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే ఆయన పక్కసీట్లో కూర్చుంటాడు. ఆ సీటు కింద ఆయన కోసం ఇంకో బ్రేకు ఉంటుంది. జీవితమంతా దాని మీదే ఆనుకుని బతికిన కుడికాలు, కారు దిగాక కూడా డ్యూటీ మానేది కాదు. బస్సెక్కితే ముందు సీటు కింద ఎవరో పెట్టుకున్న సంచి పచ్చడయ్యేది. సినిమాలో లారీ ఎదురొస్తే హాల్లో ఆ వరసంతా అదిరేది. సెలూన్‌లో కత్తెర చెవి దగ్గరికి రాగానే తొక్కిన తొక్కుకి కాళ్ళు పెట్టుకునే పలక ఊడి కిందపడింది. "నీ కుర్చీ కండిషన్‌లో లేదోయ్" అని ఆ సెలూన్ అతన్నే కోప్పడి వచ్చాడు. చెప్పులు కుట్టే ఆయనైతే ఓ రోజు విసిగిపోయి, "ఎడమది ఎప్పుడూ కొత్తగానే ఉంటోంది, ఈసారి కుడిది ఒక్కటే కుట్టిపెడతాను బాబూ" అన్నాడు.

ఆయన మేనకోడలు ఏడాది పిల్లగా ఉన్నప్పుడు గోడ వదిలి మొదటి అడుగు వేయబోయిందట. ఎదురుగా కూర్చున్న మావయ్య "ఆగాగు!" అంటూ నేలను ధనామని తన్నాడు. పిల్ల హడలిపోయి చతికిలబడింది. మళ్ళీ చాలాకాలం లేచి నిలబడే ప్రయత్నమే చేయలేదు.

"దాని నడక ఆలస్యమైంది నీవల్లేరా" అని వాళ్ళమ్మ తమ్ముణ్ణి ఇప్పటికీ దెప్పుతుంది.

"పడిందా? పడలేదు కదా!" అని మావయ్య ఇప్పటికీ ఎగిరిపడతాడు.

పెద్దయ్యాక ఆ పిల్ల ఆయన దగ్గరే కారు నేర్చుకుంది. నేర్చుకుంది అనడం కంటే స్టీరింగు పట్టుకుని కూర్చుంది అనడం న్యాయం. ఆమె కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపే కారు ఆగిపోయేది. కుక్క కనిపిస్తే ఆగేది, కుక్క కనిపించేలా ఉన్నా ఆగేది. చివరికి లైసెన్సు పరీక్షకు వెళ్ళింది. పక్కన మావయ్య లేడు, అధికారి ఉన్నాడు. మలుపు దగ్గర ఎదురుగా గోడ వచ్చింది. కారు ఎలాగూ ఆగుతుంది కదా అని ఆమె చూస్తూ కూర్చుంది. కారు ఆగలేదు. గోడ ఆపింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గాని, ఆ రోజు నుంచి మేనకోడలు స్టీరింగు ముట్టుకోలేదు. తనంతట తాను ఏ పనైనా చేయగలదా లేదా అన్న అనుమానం మాత్రం లోపల దిగబడిపోయింది.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం చేస్తుంది. ఒకరోజు ఫోన్‌లో, ఎక్కడో పరాయి దేశంలో ఒక ముసలావిడ బోర్డు మీద నిలబడి అలతోపాటు ఒడ్డుకి జారుకుంటూ రావడం చూసింది. దాన్ని సర్ఫింగ్ అంటారని తెలుసుకుంది. ఆ బోర్డుకి పక్కసీటు లేదు. రెండో బ్రేకు పెట్టే చోటే లేదు. ఆ ఒక్క కారణానికే ఆమెకి అది తెగ నచ్చేసింది. ఒక్కసారి, ఒక్క అల మీద, ఎవరూ ఆపకుండా నిలబడి ఒడ్డుకి చేరాలి. అంతే ఆమె కోరిక. సెలవులు కూడబెట్టుకుంది, స్నేహితురాలితో కలిసి టికెట్లు కొనుక్కుంది. తీరా బయల్దేరబోయే ముందు స్నేహితురాలు బాత్రూంలో జారి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"ఒక్కదాన్నీ పంపను. మావయ్య వెంట వస్తేనే వెళ్ళు" అంది అమ్మ.

చూశారా అన్యాయం! బ్రేకు లేనిచోటు వెతుక్కుంటూ సముద్రాలు దాటి వెళ్తుంటే, అమ్మ బ్రేకునే టికెట్టు కొని మరీ వెంట పంపింది.

విమానం నేలకు దిగేటప్పుడు మావయ్య తొక్కిన తొక్కుకి ముందు సీట్లో పెద్దమనిషి మేలుకుని లేచి నిలబడబోయాడు. దిగేటప్పుడు తలుపు దగ్గర నవ్వుతూ నిలబడిన ఎయిర్‌హోస్టెస్‌ని మావయ్య వదల్లేదు.

"మీ పైలట్‌కి చెప్పండి. బ్రేకు ఆలస్యంగా వేస్తున్నాడు. నేను అందుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి అందరం ఆ ఎయిర్‌పోర్టు గోడకి అంటుకుని ఉండేవాళ్ళం!"

"ఏమంటున్నారు?" అని ఆ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది.

"థాంక్స్ చెబుతున్నాడు" అంది మేనకోడలు.

సర్ఫింగ్ స్కూలంటే ఇసుకలో ఒక రేకుల షెడ్డు. లోపల తడి రబ్బరు వాసన, గోడకి ఆనించిన బోర్డులు, కొక్కేలకు వేలాడే నల్ల రబ్బరు సూట్లు. నేర్పే మనిషి పాతికేళ్ళ పిల్ల, కాళ్ళకి చెప్పుల్లేవు. మావయ్య ఆమెకి అక్కడికక్కడే చెప్పుల్లేని టీచరమ్మ అని పేరు పెట్టేశాడు.

మేనకోడలు ఒక్కతే నేర్చుకుంటానంది. "నేను పక్కన లేకుండా నువ్వు నీళ్ళలో దిగావంటే మీ అమ్మకి నేనేం మొహం చూపించాలి?" అని మావయ్య కూడా పేరు రాయించుకున్నాడు. రబ్బరు సూటు తొడుక్కోవడం దగ్గరే మొదలైంది గొడవ.

"జిప్పు వీపు మీద పెట్టినవాడెవడు? పెళ్ళాం లేనివాడు దీన్నెలా వేసుకోవాలి? నాలాంటివాడు నీళ్ళలో దిగకూడదనేగా వీళ్ళ ఉద్దేశం!"

"ఏమంటున్నారు?" అంది టీచరమ్మ.

"సూటు బాగుందట, థాంక్స్ చెబుతున్నాడు."

తర్వాత టీచరమ్మ ఆయన్ని నిటారుగా నిలబడమని, వెనకనుంచి హఠాత్తుగా ఒక్క తోపు తోసింది. ఎవరికి ఏ కాలు ముందు పడుతుందో తెలుసుకోవడానికి అక్కడ అదే పద్ధతి. ఏ కాలు పడితే ఆ కాలు బోర్డు మీద ముందుండాలి. మావయ్య కుడికాలు ధనామని పడింది, ఇసుకలో గొయ్యి పడింది.

"వెనకనుంచి గుద్దుతావా? రోడ్డు మీదైతే తప్పెవరిది? వెనకవాడిదే! మా దగ్గరైతే ఈపాటికి నీమీద కేసు!"

మేనకోడల్ని తోస్తే ఆమెదీ కుడికాలే ధనామంది. టీచరమ్మ ఇద్దరి పాదాలనీ మార్చి మార్చి చూసి, "మీ ఇంట్లో అందరూ ఇలాగే తొక్కుతారా?" అంది. దాన్ని మావయ్యకి తెలుగు చేసి చెప్పే ధైర్యం మేనకోడలికి లేకపోయింది.

"దీనికి బ్రేకెక్కడ?" అని బోర్డు కింద వంగి చూశాడు మావయ్య.

"బ్రేకు లేదు."

"హారను?"

"లేదు."

"వెనకొచ్చేది కనిపించడానికి అద్దం?"

టీచరమ్మ తల తిప్పి చూపించింది. మావయ్య ముఖం ఎర్రబడింది. "వెనకనుంచి ఇంతలేసి అలలు వస్తుంటాయి. వాటికి సిగ్నల్ లేదు, వీటికి అద్దం లేదు. ఇలాంటి బండిని చంటిపిల్లల చేతికిస్తున్నారే, వీళ్ళకి పర్మిట్ ఇచ్చిన అధికారి ఎవడో వాణ్ణి ఒకసారి చూడాలి నేను!"

అన్నాడే గాని వెళ్ళి బోర్డు మీద పడుకున్నాడు. మేనకోడలి పక్కనే, సరిగ్గా ఎడంవైపు, కారులో కూర్చున్నట్టే. ఇక చెప్పేదేముంది? అల వచ్చింది. మేనకోడలు చేతులానించి లేవబోయింది. "బ్రేక్!" అని పక్కనుంచి కేక. ఆ కేక వినగానే ఆమె కుడికాలు దానంతటదే తొక్కింది. బోర్డు ముక్కు నీళ్ళలో దిగబడి ఆమె తలకిందులుగా పల్టీ కొట్టింది. లేచి చూస్తే పక్కన మావయ్య బోర్డూ ఖాళీ. కాసేపటికి ఆయన తల, తలమీద నాచు, ఆ నాచు కింద కోపం పైకి తేలాయి.

"చూశావా? హారను కొట్టకుండా ఓవర్‌టేక్ చేసింది!"

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మేనకోడలు పల్టీ, మావయ్య పల్టీ, తర్వాత సముద్రం మీద ఫిర్యాదు. వాళ్ళ తర్వాత చేరిన స్కూలు పిల్లలు కూడా లేచి నిలబడి చేతులూపుకుంటూ వెళ్ళిపోతున్నారు. మేనకోడలికి ఒళ్ళు మండింది. ముక్కులోకి వెళ్ళిన ఉప్పునీళ్ళ మంట ఒకవైపు, రేపటితో పాఠాలు అయిపోతాయన్న మంట ఒకవైపు.

ఆ సాయంత్రం బోర్డులు కడుగుతూ టీచరమ్మ ఆమెని పక్కకి పిలిచింది. "మీ మావయ్య థాంక్స్ చెప్పేటప్పుడు అంత గట్టిగా అరుస్తాడెందుకో నాకు తెలీదు. కానీ ఒకటి చెబుతాను. నువ్వు లేచినప్పుడే ఆయన పడతాడు. తన అలని ఒక్కసారి కూడా చూడడు. తన బోర్డు మీద నిలబడి నీ బోర్డుకి బ్రేకు వేస్తున్నాడు. అందుకే నువ్వూ పడతావు, ఆయనా పడతాడు."

అద్దెకి తీసుకున్న గదిలో, తడి తువ్వాళ్ళు ఆరేసిన కిటికీ దగ్గర మేనకోడలు విరుచుకుపడింది.

"రేపు నువ్వు నీళ్ళలోకి రావద్దు మావయ్యా."

"రాకపోతే నిన్నెవరు చూస్తారు? ఆ చెప్పుల్లేని పిల్లా?"

"ఎవరూ చూడక్కర్లేదు! నన్ను పడనీ!"

"పడనీ అంటే? ఇన్నేళ్ళలో నా కారులో ఒక్కరికి గీత పడలేదు, తెలుసా?"

"తెలుసు. అందరికీ చివరి వారం బ్రేకు మీంచి కాలు తీసేసేవాడివి. మీరే నడుపుకోండి అనేవాడివి. అందరికీ కారొచ్చింది. నాకు ఒక్కసారైనా తీశావా? చెప్పు, ఒక్కసారి!"

మావయ్య తన కుడిపాదాన్ని ఎవరి పాదమో అన్నట్టు చూసుకుని, "స్టవ్ మీద పాలు పొంగుతున్నాయి" అన్నాడు. పాలు పొంగడం లేదు. అయినా వెళ్ళి చూసుకుంటూ అక్కడే నిలబడ్డాడు. ఆమెకి కోపం తగ్గలేదు, అన్నమూ సహించలేదు.

మర్నాడు మావయ్య ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. "నాకేం సరదానా ఆ ఉప్పునీళ్ళంటే!" అని తనకి తానే చెప్పుకుంటున్నాడు. మేనకోడలు వెనక్కి చూడకుండా నీళ్ళలోకి నడిచింది.

మొదటి అల వచ్చింది. కేక లేదు. అయినా ఆమె కుడికాలు తొక్కేసింది, పల్టీ. రెండో అల, అదీ అంతే. మావయ్య లేకపోయినా కాలు మావయ్యదే! ఇంతకాలం నెపమంతా ఆయన మీద పెట్టి, తీరా చూస్తే జబ్బు తనకీ అంటుకుంది. ఏడుపొచ్చేంత కోపం వచ్చింది ఆమెకి, ఎవరి మీదో తెలియని కోపం.

"ఇదే చివరిది. కాళ్ళవైపు చూడకు, ఒడ్డువైపు చూడు" అని టీచరమ్మ బోర్డుని ముందుకి తోసింది.

మేనకోడలు లేచింది. కుడికాలు మడమ ఎత్తింది, ఇక తొక్కబోతోంది. తల ఎత్తి ఒడ్డువైపు చూసింది.

ఒడ్డున మావయ్య రెండుకాళ్ళూ గాల్లోకి ఎత్తి ఉన్నాడు. ఎత్తడమే కాదు, కుడిపాదాన్ని రెండు చేతులతో ఒడిసిపట్టి గుండెలకి అదుముకుని ఉన్నాడు, పారిపోబోయే కోడిని పట్టుకున్నట్టు. అది తన్నుకుంటోంది, ఆయన వదలడం లేదు. పళ్ళు బిగబట్టాడు. మెడనరాలు తేలాయి. జనం సముద్రాన్ని వదిలేసి ఆయన్ని చూస్తున్నారు.

మేనకోడలికి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వులో తొక్కాలన్న సంగతే కాలు మర్చిపోయింది. అల ఆమెని ఎత్తుకుని, నిలబెట్టే, ఒడ్డుదాకా తెచ్చి ఇసుక మీద దింపింది. ఎవరూ ఆపలేదు. ఆమె దిగాక సముద్రం వెనక్కి వెళ్ళింది.

అదే సమయానికి కుర్చీ వెనక్కి విరుచుకుపడి మావయ్య వెల్లకిలా పడ్డాడు. అంత సముద్రం పక్కన పెట్టుకుని పొడినేల మీద పడిన మనిషి ఆ రోజు ఆయనొక్కడే. పడ్డా పాదం మాత్రం వదల్లేదు.

"మావయ్యా! దెబ్బ తగిలిందా? చూశావా నన్ను?"

"చూడక ఏం చేస్తాను? చివర్లో ఎడంవైపు తిరిగావు. సిగ్నల్ ఏదీ?" అని గయ్యిమన్నాడు. కళ్ళలో ఇసుక పడిందని తువ్వాలు అడిగి, చాలాసేపు మొహం తుడుచుకున్నాడు.

"ఏమంటున్నారు?" అంది వెనకే పరిగెత్తుకొచ్చిన టీచరమ్మ.

"నిజంగానే థాంక్స్ చెబుతున్నాడు" అంది మేనకోడలు.

తిరుగు ప్రయాణంలో విమానం కిందికి దిగుతోంది. మేనకోడలు పక్కకి చూస్తే మావయ్య సీట్లో కాళ్ళు ఎత్తి, కుడిపాదం రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. చెమటలు పోస్తున్నాయి. ఆమెకి ఆయన్ని చూస్తే జాలేసింది.

"ఇక్కడ బ్రేకు వేసుకో మావయ్యా, ఫర్వాలేదు."

"నిజంగానా?"

"ఇంతమందిమి ఉన్నాం కదా. వెయ్యి."

మావయ్య వేశాడు. అన్ని రోజులూ దాచుకున్నదంతా కలిపి ఒక్కసారే వేశాడు. విమానం ఆగింది. ఆయన ప్రయాణికులందరినీ ఒకసారి కలియజూసి లేచాడు. తలుపు దగ్గర, వెళ్ళేటప్పుడు కనిపించిన ఎయిర్‌హోస్టెస్సే నవ్వుతూ నిలబడి ఉంది.

"ఇంకా నేర్చుకోలేదా మీ పైలటు? ఎన్నిసార్లు చెప్పాలి? ఈ పిల్ల ఒప్పుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే మీ గతేం కాను!"

ఆ అమ్మాయి మేనకోడలి వైపు తిరిగింది. "థాంక్స్ చెబుతున్నారా?"

"అవును, మీకు అలవాటైపోయింది" అంది మేనకోడలు. బయటికొచ్చాక, వెళ్ళేటప్పుడు అక్కడే ఆపి వెళ్ళిన డ్రైవింగ్ స్కూలు కారు తాళంచెవి ఇమ్మని మావయ్య ముందు చెయ్యి చాపింది. ఆయన గొణుక్కుంటూ తాళం ఇచ్చి, బ్రేకు లేని వెనక సీట్లోకి ఎక్కి, కాళ్ళు రెండూ పైకి మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.