లోబడని అయ్యగారు

మా అయ్యగారు పోయిన గురువారం ఆసుపత్రిలో కన్నుమూశారు. పామిడికి దగ్గర్లో, పెన్న ఒడ్డునున్న మా ఊరి చర్చికి చాలా ఏళ్లు ఆయనే పాస్టరు. సమాధి దగ్గర, జిల్లా నుంచి వచ్చిన సంఘం పెద్ద ప్రార్థన ముగిస్తూ, "ఈయన బతికినన్నాళ్లూ పై అధికారులకు లోబడిన దీనుడు" అన్నారు. పక్కనే మా ఊరి నాయకుడు చేతులు కట్టుకుని అవునన్నట్టు నిలబడ్డాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. బతికుండగా వేసిన నిందలు చాలలేదేమో, పోయాక ఈ మెచ్చుకోలు కూడా ఆయన మీద వేశారు. అందుకే ఇది రాస్తున్నాను.

అయ్యగారు దీనుడే, కాదనను. ఎవరింటికి వెళ్లినా గడప దగ్గరే కూర్చునేవారు. జేబులో ఎప్పుడూ వేయించిన చెనక్కాయలు ఉండేవి. మాట్లాడుతూ వలిచి ఎదుటివాళ్ల చేతిలో పోసేవారు, తాను తినడం మరిచిపోయేవారు. కానీ ప్రసంగం దగ్గర మాత్రం మొండి. "అర్థమైందా?" అని అడిగేవారు. మేం గబగబా తల ఊపితే ఒప్పుకునేవారు కాదు. "తలకాయలు ఊపొద్దు. నోరు తెరిచి చెప్పండి" అనేవారు. చెప్పలేకపోతే మళ్లీ మొదటికి వచ్చేవారు. పొయ్యి మీద కూర మాడుతుందని మా ఆడవాళ్లం గొణుక్కునేవాళ్లం.

సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించిన ఏడు, నాయకుడు నన్ను నిలబెట్టి గెలిపించాడు. నా భర్త ఆయన దగ్గర డ్రైవరు. "నువ్వు కుర్చీలో కూసో పాపా, మిగిలిందంతా మేం జూసుకుంటాం" అన్నాడు. చూసుకున్నది ఏమిటంటే పెన్న ఇసుక. మా రేవులో యంత్రాలు దింపాలని చూశాడు. ఇసుక పోతే ఊరికి నీళ్లిచ్చే బోరు ఎండిపోతుంది. వానలే సరిగా పడని ఈ సీమలో బోరు ఎండడమంటే ఊరు ఖాళీ చేయడమే. యంత్రాలు దిగాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి, నేను సంతకం పెట్టాలి.

ఆ వారం నాయకుడు ఒక అధికారిని వెంటబెట్టుకుని చర్చికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏం సామీ, అధికారులకు లోబడాలని మీ వాక్యంలో ఉండాదంట గదా. ఆదివారం అది చెప్పు. సభలో ఎవురూ నోరెత్తకూడదు."

"చెప్తానప్పా. అదే చెప్తా" అన్నారు అయ్యగారు.

చెప్పారు. "అధికారిని దేవుడే పెట్టినాడు. ఎందుకు పెట్టినాడు? జనానికి మేలు చేసేదానికని ఆ వాక్యంలోనే ఉండాది. మరి కీడు చేస్తే?" అని ఆగి, పాస్టర్లను తయారుచేసే పాదుర్ల బడిలో తాను చదువుకున్న సంగతి ఎత్తుకున్నారు. వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక పట్నం. మీ ఆరాధన మార్చుకోండని చక్రవర్తి హుకుం పంపాడు. పట్నం పెద్దలు కోట తలుపులు మూసేశారు. "ఆ ఊరి పాదుర్లు ఏమన్నారంటే, పెద్ద అధికారి అన్యాయం చేస్తే చిన్న అధికారి అడ్డం నిలబడాల. చిన్నోనికి పదవిచ్చింది గూడా దేవుడే. నిలబడకుంటే ఆ పాపంలో వానికీ భాగముండాది."

చర్చిలో ఉన్న చిన్న అధికారిని నేనొక్కదాన్నే. ఆరాధన కాగానే అయ్యగారింటికి వెళ్లాను.

"నన్నెందుకు ఇరికించినారు అయ్యగారూ? నా మొగుని పని పోతాది."

"భయమైతాందామ్మా?"

"అయితాంది."

"నాకూ అయితాంది." చెనక్కాయలు వలిచి నా చేతిలో పోశారు. "మన సంఘాలకు మూలపురుషుడని పొగుడుతామే, ఆ జర్మనీ పెద్దాయన ఒక పని చేసినాడు. దొరల కింద నలిగిపోయి రైతులు తిరగబడితే, వాళ్లను నరకమని దొరలకు రాసినాడు. ఏ పాస్టరూ ఈ సంగతి చెప్పడు. మొదట చదివిన దినం నాకు కడుపు మండింది, ఇప్పటికీ మండుతాంది. అందుకే చెప్తాండా. కత్తి పట్టమని కాదు. ఒప్పుకోనని చెప్పు, అంతే."

గ్రామసభలో, నాయకుడితో చర్చికి వచ్చిన ఆ అధికారే తీర్మానం చదివి, "ఏమ్మా, సరేనా?" అని అడిగారు. లేచాను. "నేను ఒప్పుకోను" అన్నాను. నాయకుడు జనం వైపు తిరిగాడు. జనం తలలు దించుకున్నారు. అప్పుడు వెనకనుంచి అయ్యగారి గొంతు వినిపించింది. "తలకాయలు కాదు, నోరు తెరిచి చెప్పండి." ముందు ఒక ముసలామె, తర్వాత ఆడవాళ్లందరూ, ఆ తర్వాత మగవాళ్లు, "ఒప్పుకోం" అన్నారు.

యంత్రాలు మా రేవులోకి దిగలేదు. ఎగువనున్న ఇంకో ఊరికి పోయాయి. అక్కడ ఇప్పుడు ట్యాంకరు నీళ్లే గతి. నా భర్త పని పోయింది. అయ్యగారిని మాత్రం జనాన్ని రెచ్చగొట్టాడని కేసు పెట్టి స్టేషనుకు తీసుకుపోయారు. అక్కడ కొట్టిన దెబ్బలకు ఎడమ చెవి వినికిడి పోయింది, మళ్లీ రాలేదు. మొన్న సమాధి దగ్గర మెచ్చుకున్న ఆ సంఘం పెద్దే అప్పుడు, అయ్యగారిని జైలుకు పంపాక అక్కడికి వెళ్లి, క్షమాపణ రాసివ్వమన్నారు. అయ్యగారు రాయలేదు. ఆయన ఉద్యోగం తీసేసి, మా చర్చికి తాళం వేయించారు. దీన్నా లోబడటం అంటారు? ఎవరికి లోబడ్డాడయ్యా మా అయ్యగారు?

బెయిలు మీద ఆయన తిరిగి వచ్చింది ఒక ఆదివారం పొద్దున. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా చర్చి దగ్గరికి వచ్చారు. తాళాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూసి వదిలేశారు. మెట్టు మీద కూర్చున్నారు. మేం ఒక్కొక్కరమే వచ్చి రోడ్డు మీదనే, ఎండలో కూర్చున్నాం. పాట ఎత్తుకోమన్నారు. భయం భయంగా ఎత్తుకున్నాం. అయ్యగారు తల పక్కకు తిప్పి, వినబడే చెవి వెనక అరచెయ్యి ఆనించుకుని మా వైపు వంగారు.

"ఇంగా గట్టిగా పాడండప్పా" అన్నారు.