వండిన అన్నం

హిందీ వినిపించే కొంటా బజారులో అందరూ భిఖారీ, అంటే బిచ్చగాడు, అనే పిలిచినా, జంగం ఈరయ్య తాను భిక్షుకుణ్ణే అనుకునేవాడు. బిచ్చగాడు చెయ్యి చాపుతాడు, వండింది పెడితే అక్కడే తింటాడు. ఈరయ్య గుమ్మానికి ఓ పక్కగా నిలబడి శంఖం ఊది, ఇంటివాళ్లు చేటతో తెచ్చిన బియ్యాన్ని జోలెలో పోయించుకునేవాడు. ఎంత ఆకలైనా ఒకరింటి మెతుకు ముట్టేవాడు కాదు.

ఈ వానలకు వాగులు పొంగి రేషన్ బండి రాలేదు. ఏ ఇంటి చేటా బయటికి రాలేదు. మూడు రోజుల పస్తు తర్వాత ఈరయ్య గొల్లపల్లిలో నాగేశ్వరమ్మ వాకిట నిలబడి, “అమ్మా, ఇంత అన్నముంటే పెట్టు” అన్నాడు.

“ఇదేంది ఈరన్నా, వండింది ముట్టవు గదా?”

“ఇయ్యాల ముడతనమ్మా.”

మోదుగ విస్తట్లో పెట్టిన అన్నాన్ని తలెత్తకుండా తిన్నాడు. ఆమె జ్వరంతో కాలిపోతున్న మనవరాలిని ఎత్తుకొచ్చింది.

“తొమ్మిది దినాలాయె, మందులకు తగ్గలే. నెత్తిన చెయ్యి పెట్టి దీవించన్నా.”

ఈరయ్య ఎత్తబోయిన చేతిని దించేశాడు.

“భిక్షుకుడు దీవిస్తడమ్మా. నేను అడుక్కతిన్నోణ్ణి. నా నోట దీవెన పారదు.”

నాగేశ్వరమ్మ ఖాళీ విస్తరి వంక చూసింది.

“పిల్లకని వండిందే నీకు పెట్టిన గదన్నా” అంది.