ఈశాన్యం మూల మొదలైన కోత

మా మరిది సుబాబుల్ తోట మా మిరప చేనుకు ఉత్తరాన ఆనుకునే ఉంది. ఒకప్పుడు కాగితం మిల్లులు కొనే ఆ కర్రకు మంచి ధర పలికేది. తర్వాత పడిపోయింది. కోత కూలి కూడా గిట్టదని మరిది తోటను అలాగే వదిలేశాడు. కొన్నేళ్లకు అది తోటలా లేదు. చెట్ల కింద చెట్లు మొలిచి, తీగలు అల్లుకుని, మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకగా ఉండేది.

ఆ రోజుల్లోనే మార్టూరు వైపు కొండల్లో రాయి తీయడం పెరిగింది. మందు పేలిన మోత మా చేలోకి వినపడేది. అక్కడి జింకలు కొన్ని వాగు వెంట దిగొచ్చి మరిది తోటలో చేరాయి. ఒంటి నిండా తెల్ల చుక్కలు. మేం దుప్పులంటాం. వాటికంటే ముందే పందులు వచ్చి ఉన్నాయి. కుందేళ్లూ నెమళ్లూ సరేసరి. మేత ఉంది, నీడ ఉంది, తోట ఈశాన్యం మూల వాగు తగులుతుంది కాబట్టి నీళ్లూ ఉన్నాయి. వచ్చి ఉండిపోయాయి.

దుప్పుల వల్ల నాకు పెద్ద నష్టం లేదు. పందులతోనే చావు. ఒక్క రాత్రి పడ్డాయంటే సాళ్లకు సాళ్లు పెళ్లగించి పోతాయి. అందుకని మా వైపు మిరప చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కడతాం. గాలికి చీర కదిలితే మనిషి అనుకుని జంతువు ఆగుతుంది. దానికి తోడు క్షవరం షాపులో ఊడ్చిన వెంట్రుకలు గోతాంలో తెచ్చి తోట వైపు గట్టు పొడవునా చల్లుతాం. వాసన చూడగానే వెనక్కి తిరుగుతాయి. నా చీరలు చాలక ఊరంతా అడిగి తెచ్చాను. దారిన పోయేవాళ్లు ఆగి, "అదిగో, నా పెళ్లినాటి చీర, మీ చేలో కాపలా కాస్తోంది" అని నవ్వేవాళ్లు.

మొన్న శీతాకాలం కర్ర ధర మళ్లీ లేచింది. మరిది పరుగున పోయి కోత మేస్త్రిని మాట్లాడుకొచ్చాడు. పిడుగురాళ్ల వైపు సాయిబు. గడ్డం నెరిసిన మనిషి, మాట తక్కువ. తన ముఠాతో, కోత మిషన్లతో దిగాడు. మొదటి రోజు తోటంతా ఒక చుట్టు తిరిగొచ్చి మరిదితో అన్నాడు.

"లోపల జీవాలున్నాయండి. నైరుతి మూల నుంచి మొదలుపెట్టి వాగు వైపు కోసుకుంటూ పోదాం. మోతకు అవే ముందుకు జరిగి వాగులో దిగిపోతాయి. మేం ఎక్కడైనా అట్టాగే చేస్తాం."

మరిది ఒప్పుకోలేదు. "ఈశాన్యం వదిలేసి ఇంకో మూల కత్తి పెడితే నా కొంప మునుగుద్ది మేస్త్రీ. ముందు అక్కడ కొబ్బరికాయ కొట్టాలి, అక్కడే మొదటి చెట్టు పడాలి."

"కొబ్బరికాయ మీరు కొట్టండి. చెట్టు నేను కొడతాను. జీవాల సంగతి మాత్రం మీరే చూసుకోవాల."

నేనూ అక్కడే ఉన్నాను. మా ఇళ్లలో పునాది తీసినా, బోరు వేసినా ఆ మూలే. ఎవరికీ తప్పుగా తోచలేదు. పసుపు, కుంకుమ, కాయ అన్నీ అయ్యాయి. మొదటి చెట్టు వాగు గట్టు మీదే పడింది.

రోజూ కోత ఈశాన్యం నుంచి నైరుతికి జరుగుతూ వచ్చింది. జీవాలు కూడా అలాగే జరుగుతూ వచ్చాయి. వాగు దారి మొదటిరోజే పోయింది. ఉత్తరాన పత్తి పీకేసిన బోడి చేను, అక్కడ ట్రాక్టర్లు, మనుషులు. తూర్పున రోడ్డు, లారీ, దాని పక్కనే వలలూ కర్రలూ పట్టుకుని కుక్కలతో కూర్చున్న ఊళ్లో మగాళ్లు. వాళ్లు ఎందుకు కూర్చున్నారో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. పడమట ఇంకొకాయన మిరప చేను. ఆయన చీరలు నమ్మడు. పందులకని కరెంటు తీగ లాగాడు. పగలు కాయ కోసే కూలీలుంటారని తీసేస్తాడు, పొద్దు వాలగానే పెడతాడు. మిగిలింది దక్షిణం. అది నా చేను. నా చేను అవతలి కొసకు ఆ వాగే వంపు తిరిగి వస్తుంది. కానీ మధ్యలో నా చీరలున్నాయి.

చివరి రోజు మధ్యాహ్నానికి నైరుతి మూల ఒక చారెడు తోట మిగిలింది. గట్టు మీద నిలబడితే లోపల కదలికలు కనిపిస్తున్నాయి. ఒక ఆడదుప్పి, దాని కాళ్ల మధ్య పిల్ల. పిల్లకు ఇంకా నడక సరిగా రాలేదు. మిషను మోగినప్పుడల్లా తల్లి చెవులు అటూ ఇటూ తిప్పుతోంది గాని పిల్లను వదిలి కదలడం లేదు.

పడమటి ఆయన దగ్గరకు పోయి అడిగాను. "ఇవాళ ఒక్క రాత్రి తీగ పెట్టమాకయ్యా. పొద్దు గూకాక అవి బెదిరి నీ చేలోకే వస్తాయి."

"పందులు కూడా వస్తాయి పిన్నీ. నా కాయకు నువ్వు కాపలా ఉంటావా?"

"జంతువులే కాదురా, రేపు ఏ కూలి మనిషో తగులుకుంటే జైల్లో కూర్చుంటావు."

"అది రేపటి సంగతిలే" అన్నాడు.

ఫారెస్టు వాళ్లకు మేస్త్రి అప్పటికే ఫోన్ చేశాడు. మేమొచ్చేదాకా ముట్టుకోవద్దు, పొద్దున్నే వస్తాం అన్నారట. వాళ్లకు దూరం. మరిదికి లారీ తొందర. పొద్దు వాలేలోపు ఆ మూల ఖాళీ కావాలని మేస్త్రికి చెప్పి రోడ్డు మీద లారీ దగ్గరకు పోయాడు.

నా చేలో రెండో కోతకు కాయ ఎర్రగా పండి ఉంది. మర్నాటికే కూలీలను పిలుచుకున్నాను. ఏడాదంతా ఆ కాయ మీదే. దుప్పులకు దారి ఇస్తే వాటి వెనకే పందులూ వస్తాయని నాకు తెలుసు. కాసేపు గట్టు మీద కూర్చున్నాను. చదువు ముసలితనంలో వచ్చినదాన్ని, ఆ కాసేపట్లో ఏమేం అనుకున్నానో అందంగా రాయడం నాకు చేతకాదు. లేచి చీరల ముడులు ఊడదీయడం మొదలుపెట్టాను. తోట వైపు బారు తీశాను, చేనుకడ్డం పడి పోయి వాగు వైపు బారు కూడా తీశాను.

మరిది రోడ్డు మీద నుంచే అరిచాడు. "వదినా, మతి పోయిందా నీకు?"

"నీ కర్ర నీకు దక్కుతోంది కదా. నా చేను సంగతి నీకెందుకు?"

చీరలన్నీ చంకన పెట్టుకుని పక్కకు వచ్చి నిలబడ్డాను. తల్లి చూసింది. నాలుగడుగులు ముందుకు వేసింది. చీరలుండే చోటికి వచ్చి ముక్కు నేలకు దించింది. అంతే, ఒళ్లంతా జలదరించి వెనక్కి గెంతింది. మళ్లీ వచ్చింది. మళ్లీ అదే. నాకు అర్థం కాలేదు. చీర లేదు, మనిషి దూరంగా ఉంది, దేనికి బెదురుతోంది?

తర్వాత తట్టింది. వెంట్రుకలు. సంక్రాంతి ముందు గోతాం నిండా తెచ్చి చల్లింది నేనే. మంచుకు తడిసి మట్టిలో కలిసిపోయాయి. ఏరితే రావు, ఊడిస్తే పోవు.

మేస్త్రి దగ్గరకు పరిగెత్తాను. ఆయన అప్పుడే చేతులు కడుక్కుని నమాజుకు తువ్వాలు పరచబోతున్నాడు. సంగతి చెప్పాను. తువ్వాలు మడిచి భుజాన వేసుకుని తన వాళ్లను పిలిచాడు.

"ఒరేయ్, కొట్టిన కొమ్మలు పచ్చివి చూసి ఈడ్చుకు రండి. ఆకు మందంగా ఉండాల. అమ్మ గట్టు మీద పరిచెయ్యండి."

"మేస్త్రీ, లారీవాడు పోతానంటున్నాడు" అని మరిది వచ్చాడు.

"పోనీయండి. నమాజు వేళ మిషన్లు ఆపడం మాకు మామూలే. ఇవాళ నా నమాజు కాస్త పొడుగవుద్ది."

ముఠాలో ఒకడు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. నమాజు అనేసరికి మరిది లారీవాణ్ణి ఆపడానికి రోడ్డు మీదికి పోయాడు. కొమ్మలు వచ్చాయి. గట్టును, దాని పక్క సాళ్లను పచ్చి సుబాబుల్ ఆకుతో కప్పేశారు. మిషన్లు ఆగాయి. మేస్త్రి తువ్వాలు పరుచుకున్నాడు. అన్ని రోజుల మోత తర్వాత ఒక్కసారిగా అంత నిశ్శబ్దం అయ్యేసరికి అవతల వాగు పారే చప్పుడు కూడా వినపడింది. పొద్దు పడమటి చేను మీదికి వంగింది. ఆ చేను ఆయన తీగ చుట్ట భుజాన వేసుకుని గట్టు మీదకు రావడం చూశాను.

తల్లి మళ్లీ వచ్చింది. ఆకు వాసన చూసింది. ఒక రెమ్మ కొరికింది కూడా. అంత భయంలోనూ నమలడం నేను చూశాను. గట్టు ఎక్కింది, దిగింది, మిరప సాళ్లలో నిలబడింది. పిల్ల రాలేదు. కొమ్మల్లో కాలు ఇరుక్కుని కూలబడింది. రోడ్డు మీద కుక్క ఒకటి మొరిగింది. తల్లి వాగు వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. నేను చీరలు గట్టిగా పట్టుకున్నాను. కదిలి సాయం చేయబోతే రెండూ బెదురుతాయి. పిల్ల తన్నుకుంది. లేచింది. మళ్లీ పడింది. తల్లి తిరిగి గట్టెక్కి దాని మెడ మీద మూతి పెట్టింది. ఎలా వచ్చిందో వచ్చింది, పిల్ల ఇవతల పడింది. రెండూ సాళ్ల మధ్యనుంచి వాగు వంపులోకి దిగిపోయాయి. వాటి వెనక ఇంకొన్ని దుప్పులు.

వాటి వెనకే పందులు. నేను అనుకున్నట్టే. అవి సాలు చూడవు, దారి చూడవు. ఎర్రకాయ నేలరాలి మట్టిలో తొక్కుడుపడుతుంటే నిలబడి చూశాను.

కొమ్ముల పోతు ఒకటి మాత్రం ఇటు రాలేదు. రోడ్డు వైపు దూకింది. కుక్కలు, అరుపులు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ సాయంత్రం ఊళ్లో ఏ ఇంట్లో ఏం వండుకున్నారో నేను అడగలేదు.

మేస్త్రి తువ్వాలు దులుపుకుని వచ్చి నా చేను చూశాడు. "చాలా పోయిందమ్మా."

"కనపడుతోందిలే. ఇక నీ కోత కోసుకో."

చీకటి పడేలోపు ఆ మూల కూడా నేలమట్టమైంది. పడమటి ఆయన తీగ పెట్టుకున్నాడు. ఆ రాత్రి దానికి ఏదీ తగల్లేదు. మిగిలిన కాయ కోయించుకున్నాను. మామూలుగా పోయే బస్తాలకంటే బాగా తక్కువే గుంటూరు యార్డుకు పోయాయి. కోడలు చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆమె కోపం ఆమెది. కష్టం ఆమెదీ కదా.

సుబాబుల్ కొట్టేస్తే చావదు. వానలు పడగానే మోళ్లకు పిలకలొచ్చాయి. లేత ఆకు. వాగు వెంట దుప్పులు మళ్లీ వస్తున్నాయి, తెల్లారుజామున పిలకలు కొరికి పోతున్నాయి. మరిది లబోదిబోమంటూ మా ఇంటికి వచ్చాడు.

"వదినా, నీ చీరలు ఊరికే పడున్నాయి కదా. తోట చుట్టూ కట్టుకుంటా, ఇయ్యి."

మడతపెట్టిన చీరలు మంచం కిందే ఉన్నాయి. తీయలేదు.

"ఇస్తాను. వాగు వైపు మాత్రం కట్టమాక. ఆ మూల కాస్త తింటే తిననీ. ఇంకొక మాట. ఈసారి చెట్లు పెరిగాక కోత ఏ మూల నుంచి మొదలుపెడతావో ఇప్పుడే చెప్పు."

"ఇంకా మోకాలెత్తు కూడా లేవలేదు వదినా. అప్పుడే కోత గురించి ఎందుకు?"

"చెప్పు."

గడప మీద కూర్చున్నాడు. "ఈశాన్యంలో కాయ కొడతాను. అది మానను. కత్తి మాత్రం నైరుతి నుంచే పెట్టిస్తా" అన్నాడు.

వంగి మంచం కింద చెయ్యి పెట్టాను.