నిచ్చెన మీద బాబాయిగారు

మెట్ల గది పైనున్న ఆ టీవీ డిష్‌ను బాబాయిగారు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. కాకులకు కూడా అనుమతి లేదు. గొట్టం నిలబెట్టింది ఆయన, నట్లు బిగించింది ఆయన, తీగ లాగింది ఆయన. ఇంత చేసి, సొంతంగా బిగించుకున్న సామానుకు కూడా వర్తించే కంపెనీవాళ్ల రిపేరు ప్లాను ఒకటి తీసుకున్నారు. ఎన్నిసార్లు పిలిచినా మెకానిక్ రావాల్సిందేనన్న షరతును కంఠతా పట్టారు.

రెండు నెలల్లో ఎనిమిదిసార్లు పిలిచారు. ఎనిమిదిసార్లూ మెకానిక్ కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడే తప్ప, పైకెక్కిన పాపాన పోలేదు.

"మీరు దిగండి బాబాయిగారూ, నేను చూస్తాను."

"నువ్వు సిగ్నల్ మీటర్ చూసి అంకె చెప్పు, చాలు. నట్టు మీద చెయ్యి వేశావో, ఊరుకోను!"

"మరి నన్నెందుకు పిలిచారండీ?"

"ప్లానులో ఉంది కనక!"

దిగాక మాత్రం ఆయనే స్వయంగా టీ కలిపి ఇచ్చేవారు. అందులో చక్కెర వెయ్యడం ప్రతిసారీ మర్చిపోయేవారు. ఒక మనిషి మీద ఇంత విసుగూ ఇంత ఇష్టమూ ఒకేసారి ఎలా కలుగుతాయో మెకానిక్‌కి అంతుపట్టేది కాదు.

తొమ్మిదో ఫిర్యాదు అందగానే ఆఫీసులో మేనేజరు అతన్ని పట్టుకున్నాడు. "ప్రతి కాగితంలోనూ కారణం తెలియదని రాస్తావేంటి? ఇవాళ తేల్చుకురా. డిష్ ఆయనే తిప్పుతున్నట్టయితే ప్లాను రద్దు."

మెకానిక్ ఎప్పుడూ సాయంత్రం వెళ్లేవాడు, ఆ రోజు మధ్యాహ్నమే వెళ్లాడు. అతన్ని చూసి కంగారుపడి బాబాయిగారు గబగబా నిచ్చెన రెండు మెట్లు ఎక్కేసరికి నడుం పట్టేసింది. మెకానిక్ ఆయన్ని దింపి నీళ్ల తొట్టి అంచున కూర్చోబెట్టి, తనే నిచ్చెన ఎక్కాడు.

"వద్దు! రేపు చూద్దాం!"

"రేపటికి మీ ప్లాను ఉండదండీ!"

పైన చూస్తే డిష్ ఎటో తిరిగి ఉంది. దానికి తీగలు రెండు. ఒకటి బాబాయిగారి ఇంట్లోకి, రెండోది నీళ్ల గొట్టం చాటుగా కిందికి. అతను డిష్‌ను బొటనవేలంత పక్కకు జరిపాడు.

"వచ్చింది!" అని ఈ గోలకు నిద్రలేచి టీవీ పెట్టిన పిన్నిగారు ఇంట్లోంచి కేకేశారు.

"పోయింది!" అంది కింది వాటా కిటికీలోంచి ఇంకో గొంతు.

వెనక్కి జరిపాడు.

"పోయింది!" అన్నారు పిన్నిగారు.

"వచ్చింది!" అంది కింది గొంతు సంబరంగా.

మెకానిక్ కిందికి చూశాడు. బాబాయిగారు ఆకాశంకేసి శ్రద్ధగా చూస్తున్నారు.

"ఎవరండీ ఆవిడ?"

"కింద అద్దెకు దిగింది. బట్టలు కుడుతుంది. మన భాష రాదు, పగలంతా మిషను ముందు ఒక్కతే. వాళ్ల భాష ఆ పక్క ఉపగ్రహంలో వస్తుందిట. వారానికోసారి మధ్యాహ్నం ఓ గంట అటు తిప్పుతాను."

"ఆ రెండు మాటలూ ఎవరు నేర్పారు?"

"నేనే. అవి రాకపోతే డిష్ తిప్పడం ఎలా?"

"మళ్లీ ఇటు తిప్పుకోవచ్చు కదా?"

"అప్పుడు కేకెయ్యడానికి మీ పిన్ని నిద్రలో ఉంటుంది. అందుకే మీటర్ చూసి చెప్పడానికి నువ్వు." ఆయన గొంతు తగ్గింది. "రద్దు చేస్తారా? నా టీవీ పోతే పోనీ. ఆవిడ గంట పోతుందయ్యా."

అప్పటికే పైకొచ్చిన పిన్నిగారు అంతా విన్నారు. "నాతో చెబితే నిద్ర మానుకుని నేనే అరిచేదాన్ని కదా! దీనికోసం ఈ మనిషిని తొమ్మిదిసార్లు తిప్పుతారా?"

ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన పాత డిష్ ఒకటి మెకానిక్ వ్యానులో పడి ఉంది. దాన్ని కింది వాటాకు వేరుగా బిగించాడు. కాగితం మీద 'కారణం దొరికింది, సరిచేశాను' అని రాశాడు. మేనేజరు ముద్ర వేసి పక్కన పెట్టాడు.

వారం తిరక్కుండానే బాబాయిగారు మళ్లీ ఫోన్ చేశారు.

"ఏమైందండీ? బొమ్మ రావడం లేదా?"

"బ్రహ్మాండంగా వస్తోంది. నా పక్కన కూర్చుని చూసేవాళ్లే లేరు. మీ పిన్ని రోజూ కిందికెళ్లి, ఒక్క ముక్క అర్థం కాని సీరియల్‌కి ఆవిడతో కలిసి కళ్లు తుడుచుకుంటోంది."

"దానికి నేనేం చెయ్యనండీ?"

"ఏమీ చెయ్యకు. ఓ అరగంట వచ్చి కూర్చో."

మెకానిక్ పనిముట్ల సంచీ ఆఫీసులోనే వదిలేసి బయలుదేరాడు.