పట్టాళం కేసుల వకీలమ్మ

ఈ తోపుడుబండి కూరగాయల వాళ్లు కరివేపాకు కొసరు ఇవ్వడం మానేశారు. సంచి నిండా కూరగాయలు కొన్నాక రెండు రెబ్బలు అడిగితే, ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారు. కోలారు మార్కెట్టు నుంచి టమాటాలు లారీలకు లారీలు పోతుంటాయి, మా వీధిలో మాత్రం కరివేపాకుకు కరువు. పోయిన వారం పొద్దున నేను మా గుమ్మం ముందు బండిని ఆపి ఈ సంగతే తేల్చుకుంటున్నాను. పక్కింటి సుబేదారు సారు బయటికి వచ్చాడు. పొద్దున్నే ఏం గోలని కసురుకుంటాడనుకున్నాను. ఆయన గేటు పట్టుకుని నిలబడి, "పెద్దాయనా, మేడం లేయలేదు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఆదివారం కదప్పా, పండుకోనీ" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మేడం అంటే ఆయన భార్య. ఇంట్లో పెద్ద ర్యాంకు ఆమెదేనని ఆయన కూడా అట్లాగే పిలిచేవాడు. ఊరికి ఆమె వకీలమ్మ. నిద్రలోనే పోయింది. బండివాడు నేను అడగకుండానే గుప్పెడు కరివేపాకు నా సంచిలో వేసి, కేక వేయకుండా వీధి దాటిపోయాడు.

రాబర్ట్‌సన్‌పేటలో వకీళ్లకు కొదవ లేదు. కానీ మిలిటరీ మొగుడూ పెళ్లాల తగాదా అంటే అందరూ మా పక్కింటి గేటే చూపించేవాళ్లు. బంగారు గనులు మూతపడ్డాక మా గనివాళ్ల లైన్ల ఇళ్లలోని పిల్లలు కొందరు పొద్దున బెంగళూరు రైలెక్కారు, కొందరు పట్టాళంలో చేరారు. పట్టాళం వాడికి పిల్లను తొందరగానే ఇస్తారు. కాపురం మాత్రం సెలవుల్లో చేసుకోవాలి. సెలవు చిన్నది, కోపం పెద్దది అయినప్పుడు జనం వకీలమ్మ దగ్గరికి వచ్చేవాళ్లు. ఆమె సుబేదారు సారు వెంట ఊరూరా తిరుగుతూ లా చదివింది, ఒక పరీక్ష ఎండ మండే ఊళ్లో, ఇంకో పరీక్ష మంచు కురిసే ఊళ్లో. అందుకే ఆమెకు కోర్టు సంగతీ తెలుసు, క్వార్టర్సులో గోడ అవతల ఏడ్చే ఆడపిల్ల సంగతీ తెలుసు.

నేను ఎవరినీ వదలను. ఆమెనూ వదల్లేదు. ఆమె స్కూటరు నడిపితే పక్కన నడిచిపోయే వాళ్లు ముందు చేరేవాళ్లు. "వకీలమ్మా, కోర్టు మూసేలోపల పోతావా, లేదంటే నేను నడిచిపొయ్యి వాయిదా అడిగేదా?" అనేవాణ్ణి. "నువ్వు సుమ్నే నోరు మూసుకోని ఉండు పెద్దాయనా. బడికే సరిగ్గా పోనోడివి, కోర్టుకు పోతావా?" అనేది. అది నిజమే. నేను బడికి పోయిన రోజుల కంటే గని దగ్గర మిషన్లు చూస్తూ ఎగ్గొట్టిన రోజులే ఎక్కువ. ఆ మిషన్లే తర్వాత నాకు కూడు పెట్టాయి లెండి.

ఏడుస్తూ వచ్చిన ఆడపిల్లకు ఆమె ముందు బన్ను, టీ పెట్టేది. తినేదాకా నోరు విప్పనిచ్చేది కాదు. "ఆకలిమీద చెప్పే మాటలో సగం ఆకలే ఉంటాదమ్మా. తిను, మిగతా సగం విందాం" అనేది. వచ్చిన రోజే ఎవరి చేతా సంతకం పెట్టించుకునేది కాదు. "రేపు రా. రేపు కూడా కోపం ఇట్లే ఉంటే అప్పుడు చూస్తాం" అని పంపేది. రేపు రానివాళ్లు చాలామంది ఉండేవాళ్లు. "ఇట్లయితే నీకు గిరాకీ యాడుంటాది?" అంటే, "రానోళ్లే నా మంచి గిరాకీ" అని నవ్వేది.

నాకు ఆమె విలువ తగాదా మా ఇంటి మీదికి వచ్చినప్పుడు తెలిసింది.

నా మనవరాలిని నంగలి దగ్గర ఒక పల్లెలో మిలిటరీ పిల్లోడికి ఇచ్చాం. పిల్లోడు చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. కాపురం ఎక్కడ ఉంది? వాడు మంచుకొండల్లో, మా పిల్ల అత్తగారి వంటింట్లో. సెలవుకు వచ్చి కొత్తవాడిలా కూర్చునేవాడు, కాస్త పాతపడేలోపల సెలవు అయిపోయేది. కాన్పుకు మా ఇంటికి వచ్చిన పిల్ల మళ్లీ పోలేదు. ఫోన్లో మాటలు తగ్గాయి, తర్వాత పోట్లాటలు కూడా తగ్గాయి. చివరికి ఇద్దరూ చాలు అన్నారు.

మాకు విడాకులంటే పెద్దల ముందు తమలపాకు చింపడం. ఆ పల్లెలో పెద్దమనుషులు కూర్చున్నారు. పిల్లోడికి సెలవు దొరకలేదు. అతని బదులు అతని అన్న కూర్చుని ఆకు చింపాడు. పెళ్లికొడుకు లేకుండా పెళ్లి చేయరు గానీ, మొగుడు లేకుండా విడాకులు ఇచ్చేశాం! అది తప్పని నాతో సహా ఒక్కరికీ తోచలేదు. అందరం బాగా భోంచేసి చేతులు కడుక్కుని వచ్చేశాం. పాప మాట ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు ఆ అన్న మా ఇంటికి వచ్చాడు. "ఆకు చిరిగిపోయినాది కదా, మిలిటరీ ఆసుపత్రి కార్డులు ఇచ్చేయండి. మావాడికి ఇంగో సంబంధం చూసినాం" అన్నాడు. పాపకు చలికాలం వస్తే ఉబ్బసం. దాన్ని బెంగళూరులో మిలిటరీ ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఆ కార్డే ఆధారం. మనవరాలు తన కార్డు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. పాప కార్డు మాత్రం జాకెట్టులో దోపుకుని, "ఇది ఇయ్యను. నా మొగుడు నాకు లేకపోతే పోనీ, దానికి నాయన ఉండాడు" అని గోడకు ఆనుకుని నిలబడింది. వాడు అరిచాడు. నేనూ అరిచాను. ఆ అరుపులకు పక్కింట్లోంచి వకీలమ్మ వచ్చింది.

సంగతంతా విని ఆమె అన్నను అడిగింది. "ఆకు మీ తమ్ముడు చింపినాడా?"

"నేనే చింపినానమ్మా. వానికి లీవు లేదు."

"అట్లయితే ఇప్పుడు విడాకులైంది నీకా, నీ తమ్మునికా?"

నేను పకపకా నవ్వాను. ఆమె నావైపు తిరిగి, "నువ్వు నవ్వొద్దు పెద్దాయనా. ఆడ కూర్చోని భోంచేసింది నువ్వే కదా?" అంది. నా నవ్వు ఆగిపోయింది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆకు మీ ఊరికి చాలు. పట్టాళానికి కోర్టు తీర్పు కావల్ల. అది వచ్చేదాకా వాళ్ల రికార్డులో ఈ పిల్లే పెండ్లాం. ఇంగో పెండ్లి చేస్తే మీ తమ్ముని ఉద్యోగమే పోతాది. ఉద్యోగం పోతే మీ ఇంటికేముంది, ఈ పాపకేముంది? తీర్పు వచ్చినాక ఈ పిల్ల కార్డు వాపసు ఇయ్యల్ల, నేనే ఇప్పిస్తాను. పాపది మాత్రం ఎవురూ అడిగేదానికి లేదు. తెగేది వాళ్లిద్దరికప్పా. పాపకు కాదు."

అన్న మనవరాలి కార్డు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

నాకు ఊపు వచ్చింది. "నోటీసు కొట్టు వకీలమ్మా. ఆ పిల్లోణ్ణి కోర్టుకు లాగు" అన్నాను.

"సరిహద్దులో ఉండేవాణ్ణి లాగేదానికి కాదు. కోర్టే ఆగుతాది, వానికి లీవు దొరికేదాకా. జీతంలో పాప భాగం రాకపోతే వాళ్ల ఆఫీసరుకు అర్జీ పెడతాం, ఆయనే పట్టి పంపిస్తాడు. ఆ దారి ఉండాది. కానీ అది ముందు దారి కాదు." ఆమె మనవరాలి వైపు చూసింది. "నువ్వే ఫోన్ చెయ్యమ్మా. అన్నకు కాదు, అత్తకు కాదు, వానికి. ఇద్దరికీ ఇష్టమైతే ఇద్దరూ కలిసి అర్జీ పెట్టొచ్చు. పెట్టేటప్పుడు ఒకసారి రావల్ల, ఆర్నెల్లు పోయినాక ఇంగోసారి రావల్ల. పెద్ద లీవులో ఒకటి, చిన్న లీవులో ఒకటి. ఆ మాట వానికి చెప్పు."

అది ఆమె పద్ధతి. సైనికుడి సెలవు ఎప్పుడు వస్తుందో చూసుకుని అర్జీ వేసేది. మిగతా వకీళ్లు కోర్టు క్యాలెండరు చూస్తే, ఈమె సుబేదారు సారును పిలిచి, "ఈ రెజిమెంటోళ్లకు లీవు ఎప్పుడిస్తారు?" అని అడిగేది.

పిల్లోడు పెద్ద సెలవులో వచ్చాడు. అర్జీ వేసే ముందు ఇద్దరూ కూర్చుని పాప సంగతి మాట్లాడుకోవాలని వకీలమ్మ పట్టుబట్టింది. అది చలికాలం. ఆమె తన ఇంటి ముందు గదిలో ఊలు కోతిటోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఒక పక్క మనవరాలు, ఎదురుగా ఆ పిల్లోడు, వీపు గోడలా నిటారుగా. నేను గుమ్మం దగ్గర పాపను పట్టుకుని ఉన్నాను. అప్పుడు దానికి మాటలు బాగా వస్తున్నాయి గానీ, తండ్రి అంటే ఫోటోలో ఉండే మనిషే.

"పాపకు నెలనెలా దుడ్డు పంపిస్తావా?"

"సరే మేడం."

"రికార్డులో పాప పేరు ఉంచుతావా?"

"సరే మేడం."

"లీవుకు వచ్చినప్పుడు చూసేదానికి వస్తావా?"

"సరే మేడం."

వకీలమ్మ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఏమప్పా, కవాతు చేస్తా ఉండావా? సరే సరే అంటే చాలదు. కాగితంలో నేను ఏమైనా రాస్తాను. వచ్చేది నువ్వు. నీ నోటితో చెప్పు, పాపకు నువ్వు ఏమవుతావు?"

వాడు నేలవైపు చూశాడు. మనవరాలు కిటికీ వైపు చూసింది. "ఆయన చెప్పడు మేడం. నాకు తెలుసు. ఇన్ని రోజులూ ఇదే కదా" అంది.

అప్పుడు పాప నా చెయ్యి విడిపించుకుని గది మధ్యకు పోయింది. వాడి ముందు నిలబడి, కాళ్లు దగ్గరపెట్టి, సెల్యూట్ కొట్టింది.

వాడు చటుక్కున లేచాడు. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. "టోపీ లేకుండా కొట్టకూడదు కన్నా" అన్నాడు. పాపకు ఆ మాట అర్థం కాలేదు. చెయ్యి నుదుటి దగ్గరే ఉంచి అట్లాగే నిలబడింది. కింది పెదవి వణకడం మొదలుపెట్టింది. చెయ్యి మాత్రం దించలేదు.

వకీలమ్మ తన కోతిటోపీ పీకి వాడికి అందించింది. జుట్టంతా చెదిరిపోయింది. "పెట్టుకోప్పా. బిడ్డ చెయ్యి నొప్పి పెడతాది."

అంత పెద్ద మీసాల మనిషి, పైన ఎర్ర ఊలు బంతి ఉన్న ఆ టోపీ తలకు తగిలించుకుని, మడమలు కొట్టి, నిండుగా సెల్యూట్ చేశాడు. మొదట నవ్వింది నా మనవరాలే. తర్వాత వాడూ నవ్వాడు, నవ్వుతూనే కూలబడి ఏడ్చాడు. పాపను ఒళ్లోకి తీసుకుని, "నేను దీని నాయన్ని మేడం. మా అన్నకు నేనే చెప్తాను. లీవు దొరికితే ముందు ఈడికే వస్తాను, తర్వాతే ఊరికి" అన్నాడు.

"ముందు ఫోన్ చేసి రా. నేను ఇంట్లో లేకపోతే తాత దగ్గర వదిలిపెడతాను" అంది మనవరాలు. వాళ్లిద్దరూ అంత పొడుగు మాటలు మాట్లాడుకోవడం నేను అప్పుడే చూశాను.

కలిసిపోతారనుకున్నాను. అట్లా జరగలేదు. చిన్న సెలవులో రెండోసారి వచ్చి ఇద్దరూ విడిపోయారు. కోర్టు బయట ఒకే చెట్టు నీడలో నిలబడి పాపకు చెరకురసం తాగించి విడిపోయారు. మనవరాలు తన కార్డు తానే వాపసు పంపింది. పాప కార్డు ఇప్పటికీ ఉంది. పాప ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. వకీలమ్మను సాగనంపిన రోజు పాప వాళ్ల నాయనతో కలిసి వచ్చింది. ఆయన రిటైరై, మీసాలు తెల్లబడి, సుబేదారు సారు పక్కనే నిలబడ్డాడు.

మనవరాలి విడాకుల తర్వాత తన దగ్గరికి వచ్చిన ప్రతి జంటకూ వకీలమ్మ ఆ సెల్యూట్ కథ చెప్పేది. "ఎవురూ చెప్పలేదు, ఎవురూ నేర్పలేదు. నాయన మిలిటరీ అని బిడ్డకు ఎట్ల తెలిసింది? రక్తం అప్పా, రక్తం! ఆయన జవాబు ఇచ్చేదాకా చెయ్యి దించలేదు" అనేది. నేను గుమ్మంలో కూర్చుని, "అవును, రక్తమే" అని తల ఊపేవాణ్ణి. ఆమె అంత సంతోషంగా చెబుతుంటే నాకు నోరు వచ్చేది కాదు.

ఇప్పుడు చెబుతాను. రక్తమూ కాదు, ఏమీ కాదు. ముందు రోజు సాయంత్రం మా పెరట్లో పల్లీ మిఠాయి ముక్క చూపించి నేనే నేర్పాను. ఆ మీసాల మనిషి మీద నాకు కడుపుమంటగా ఉండింది. నలుగురిలో కాస్త ఎగతాళి చేద్దామని, "ఆయన ఉలకకుండా కూర్చుంటే పోయి ఆయన ముందర నిలబడి ఇట్ల కొట్టు" అన్నాను. చెయ్యి ఎత్తడం ఒక్కటే నేర్పాను వకీలమ్మా. దించడం నేర్పడం మరిచిపోయాను. అందుకే ఆ పసిది, పెదవి వణుకుతున్నా, నుదుటి దగ్గర చెయ్యి పెట్టుకుని అట్లాగే నిలబడింది.