బ్యాటరీ అయిపోలేదు

ఇరవై రెండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. ఈలోగా పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఊళ్లో మంచివాడిననే పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ మాట మాత్రం అక్కడే ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యం నాకెప్పుడూ లేదు. పేరు రాయను. రాస్తే మా ఊరివాళ్లు “పోనీలే, పాత సంగతి” అంటారేమో. ఆ మాట వినడం నాకిష్టం లేదు.

మాది పాల్వంచ దాటాక, భద్రాచలం రోడ్డు వదిలి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. మా చేలు ఆగినచోట అడవి మొదలవుతుంది. డెబ్బైల మొదట్లో రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. ఆ రోజుల్లో ధరల సంగతి చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఒక సంతలో విన్న జొన్నల ధర మరుసటి సంతకు ఉండేది కాదు. చక్కెర కనబడకపోయేసరికి టీ కొట్టు ఆయన బెల్లంతో కాచేవాడు. తర్వాత బెల్లమూ ప్రియమై, తీపి కావాలా వద్దా అని ముందే అడిగేవాడు. కిరోసిన్ వచ్చిందంటే ఊరంతా డబ్బాలతో వరసలో నిలబడేది.

అందరికీ మిగిలిన సంబరం ఒక్కటే. పంచాయతీ రేడియో.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పంచాయతీలో చిన్న ఉద్యోగం. రసీదులు రాయడం, కాగితాలు తాలూకా ఆఫీసుకు చేరవేయడం, సాయంత్రం ఆరింటికి అరుగు మీద బల్ల వేసి రేడియో పెట్టడం. రేడియో పెట్టేటప్పుడు నాకు ఒళ్లు తెలిసేది కాదు. ఊరంతా నా చేతిలో ఉన్న మీట వైపు చూస్తుంటే గర్వంగా ఉండేది. పాటలు వచ్చేవి, వార్తలు వచ్చేవి, పల్లెవాళ్ల కార్యక్రమం వచ్చేది. వానలెప్పుడొస్తాయి, బియ్యం ధరెంత, ఎక్కడ ఏం జరిగింది, అంతా ఆ పెట్టెలోంచే.

కోసు దూరంలోని కోయగూడెం నుంచి జోగయ్య, అతని భార్య లచ్చమ్మ, పన్నెండేళ్ల కూతురు సోమక్క రోజూ వచ్చేవాళ్లు. జోగయ్యకు పాటలంటే పిచ్చి. కళ్లు మూసుకుని వినేవాడు. లచ్చమ్మకు పాటలు అక్కర్లేదు. “పాటలు కడుపు నింపుతయా?” అనేది. ఆమెకు వార్తలు కావాలి. రేడియోలో మాట్లాడే పుస్తకాల తెలుగు ఆమెకు సగం కూడా అర్థమయ్యేది కాదు. ఇంట్లో వాళ్లది కోయ మాట. అందుకని వార్తలు అయ్యాక నా దగ్గరకొచ్చి “ఏం చెప్పిండు సారూ?” అని అడిగేది. నేను విడమరిచి చెప్పేవాణ్ణి. వార్తలు వస్తున్నంతసేపూ ఆమె రేడియో వంక చూసేది కాదు. నా ముఖం వంక చూసేది. నేను చెప్పిందే ఆమెకు వార్త.

ఇక రత్నంగారు. కోస్తా నుంచి పదేళ్ల ముందు వచ్చి, అడవి అంచున భూములు కొని, బావులు తవ్వించి, ఆయిల్ ఇంజను పెట్టి మిరప వేసిన ఆసామి. ఊరంతా ఎండి బూడిద రంగుకు తిరిగిన ఆ ఏడాది ఆయన చేను ఒక్కటే ఎర్రగా ఉంది. ఖమ్మంలో మిర్చికి మంచి ధర పలుకుతోంది. కోతకు కూలీలు కావాలి. ఆయనిచ్చే కూలి, ఇద్దరు పొద్దంతా కోస్తే ఒక పూట గంజికి సరిపోతుంది. అయినా జనం వచ్చేవాళ్లు. వేరే పని లేదు కనుక.

ఒక మధ్యాహ్నం ఆయన పంచాయతీ ఆఫీసుకు వచ్చాడు. తాలూకాలో కరువు పనులు మొదలుపెడుతున్నారట, కూలితోపాటు జొన్నలు కూడా ఇస్తారట, ఆ సంగతి ఇవాళో రేపో రేడియోలో చెప్తారట. ఆయనకు తాలూకా ఆఫీసులో ఎవరో చెప్పారు.

“వారం రోజులు ఆ పెట్టె నోరు నొక్కెయ్యవోయ్. నా కోత అయిపోయాక వాళ్లిష్టం, ఎక్కడికైనా పోనీ,” అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. “సాయంత్రం సినిమాకు రా. మా పక్కన కుర్చీ వేయిస్తాను.”

ఆయన బీడు భూమిలో అప్పుడు డేరా సినిమా దిగి ఉంది. నేల, బెంచీ, కుర్చీ. కుర్చీలు పదో పన్నెండో. పెద్ద ఆసాములకూ, వచ్చిపోయే ఆఫీసర్లకూ తప్ప వాటిమీద ఎవరూ కూర్చోగా నేను చూడలేదు. నేనెప్పుడూ నేల మీదే.

అంతే. నన్ను కొన్న ధర అదే.

ఆకలై చేశానా అని ఎన్నోసార్లు ఆలోచించాను. లేదు. మా ఇంట్లో గాదెలో పాత ధాన్యం ఉంది. అమ్మ పలచగా కాచినా రెండు పూటలా అన్నమే తిన్నాం. భయమా? రత్నంగారు నా ఉద్యోగం తీయించగలవాడు కాదు, తీయిస్తానని అననూలేదు. ఆకలితోనో భయంతోనో చేసి ఉంటే ఇవాళ మీ ముందు తల కొంచెం పైకెత్తేవాణ్ణేమో. అన్నిటి ధరా ఆకాశానికి ఎక్కిన ఆ కాలంలో చవగ్గా దొరికింది నేనొక్కణ్ణే. ఒక చెక్క కుర్చీకి. తలచుకుంటే నోట్లో చేదు ఊరుతుంది.

ఆ సాయంత్రం రేడియో పెట్టకుండా ఉంటే అనుమానం వస్తుందని పెట్టాను. రెండు పాటలు అయ్యాయి. తర్వాత ప్రకటనలు. మా తాలూకా పేరు వినబడింది. చెరువు పూడిక తీసే పని, కూలికి తోడు జొన్నలు, శనివారం లోగా పేర్లు రాయించుకోవాలి. నేను మీట తిప్పేశాను. ఒకటి రెండు మాటలు ఆలస్యంగా తిప్పాను. మిగతావాళ్లు వాళ్ల కబుర్లలో ఉన్నారు. లచ్చమ్మ ఒక్కతే లేచి వచ్చింది.

“ఏంది సారూ, ఆపితివి?”

“బ్యాటరీ అయిపోయింది.”

“మన తాలూకా పేరు చెప్పిండు గదా. జొన్నలు అన్నడు. నేను ఇన్న. ఏమన్నడు?”

ఆమె ఎప్పటిలాగే నా ముఖం వంక చూస్తోంది. నేను చూపు తిప్పుకోలేదు. ఆ సంగతి ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది నాకు.

“జొన్నల ధర పెరిగిందంట.”

“ఇంకనా?”

“అవ్. ఇంక పెరుగుతదంట.”

ఆమె కొంగు నడుముకు బిగించుకుంది.

“గంతేనా సారూ?”

“గంతే.”

“గట్ల పెరుగుకుంట పోతే మనుషులు ఏం దినాలె?” అంది. నన్ను అడిగినట్టు కాదు. కూతురి చెయ్యి పట్టుకుని, జోగయ్యను లేపి వెళ్లిపోయింది.

నేను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని సినిమాకు వెళ్లాను.

జోగయ్యకు ఆ రోజుల్లో అరికాల్లో ముల్లు దిగి చీము పట్టింది. కోతకు పోలేకపోయాడు. తల్లీ కూతురూ మిరప చేనికి పోతే, అతను మర్నాడు కర్ర పట్టుకుని కుంటుకుంటూ కోసెడు దూరం నడిచి ఆఫీసుకు వచ్చాడు.

“సెల్లులు ఎండల పెడితే పానం వస్తది సారూ. నేను పెడ్త, ఇయ్యి.”

ఇవ్వనంటే బాగుండదని ఇచ్చాను. అరుగు ముందు బండమీద వాటిని వరసగా పేర్చి, మేకలు తొక్కకుండా పక్కనే కూర్చున్నాడు. చింతపండు తిరగేసినట్టు గడియకోసారి తిరగేశాడు. సాయంత్రం తుడిచి నా చేతికిచ్చాడు. వేడిగా ఉన్నాయి. నేను వాటిని రేడియోలో వేసేటప్పుడు అందులో ఒకటి తలకిందులుగా పెట్టాను. మీట తిప్పాను. పలకలేదు. చూశావా అన్నట్టు అతని వైపు చూశాను.

మూడు రోజులు అట్లా ఎండబెట్టాడు. మూడు రోజులూ నేను ఒక సెల్లు తిరగేశాను.

ప్రతి సాయంత్రం కుర్చీలో కూర్చున్నాను. రత్నంగారు ఒకరోజు సోడా తెప్పించాడు. నేల మీది నా స్నేహితులు వెనక్కి తిరిగి చూశారు. నాకు బాగుంది. ఇందులో నాకు రాయడానికి అన్నిటికంటే కష్టమైన వాక్యం అదే, నాకు బాగుంది.

శనివారం వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తీస్తుంటే ఒక ఎద్దుబండి వచ్చి ఆగింది. జోగయ్య దిగి నీళ్లు అడిగాడు. బండిలో లచ్చమ్మ. నోటి వెంట నురగ, కళ్లు ఎటో తేలిపోయి ఉన్నాయి. సోమక్క తల్లి కాళ్లు పట్టుకుని కూర్చుంది. అడవిలో ఒక చేదు గడ్డ ఉంటుంది. విషం. పలచగా తరిగి, గంపలో పోసి, పారే వాగులో రెండు మూడు రోజులు ఉంచితే విషం పోతుంది. కరువు కాలంలో గూడెం వాళ్లకు అదే తిండి. కానీ ఆ ఏడాది వాగు పారలేదు. మడుగుల్లో మిగిలిన నీళ్లతోనే కడిగి ఉడకబెట్టింది. ఉన్న పిడికెడు నూకల గంజి మొగుడికీ బిడ్డకూ పోసి, గడ్డలు తాను తిన్నది.

దవాఖానాకు తోడు రమ్మన్నాడు జోగయ్య. బండెక్కాను. గతుకులకు ఆమె తల కొట్టుకుంటుంటే తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె నా చొక్కా మీద వాంతి చేసుకుంది. సినిమాకు వేసుకెళ్లే చొక్కా. ఇక్కడ కూడా నిజమే రాయాలి. ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు, ఏడుపు రాలేదు. రోత పుట్టింది. ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాను. చొక్కా పాడైందే అనుకున్నాను. నా వల్ల ఆ బండిలో పడుకున్న మనిషిని చూసి నేను అసహ్యించుకున్నాను.

వాగు ఇసుక దాటకముందే ప్రాణం పోయింది.

పది రోజులకు పక్క గూడెం వాళ్లు పూడిక పని చేసి జొన్నల మూటలతో తిరిగి వచ్చారు. అప్పుడు అందరికీ ఆ పని సంగతి తెలిసింది. జోగయ్య నా దగ్గరకు వచ్చాడు. నిలదీస్తాడనుకున్నాను. అతను అరుగు కింద కూర్చుని నేల వంక చూస్తూ అన్నాడు.

“నేను సరిగ్గ ఎండబెట్టలే సారూ. ఇంకొక్క దినం పెడితే పలికేదేమో. జొన్నలు అన్నడని లచ్చి చెప్పింది. నేనే నమ్మలే.”

నోరు తెరిచాను. చెప్పాలనే తెరిచాను. బయటికి వచ్చింది వేరే మాట.

“నీ తప్పేం లేదు జోగయ్యా.”

దాన్ని అతను నా మంచితనం అనుకున్నాడు. ఆ వేసవిలో నాకోసం ఆకు దొప్పలో ఇప్పపువ్వు తెచ్చాడు. అమ్మ వండింది. తిన్నాను.

చాలా ఏళ్లు నేను రత్నంగార్ని తిట్టుకుంటూ బతికాను. మిర్చి అమ్ముకున్నాడు, ఖమ్మంలో ఇల్లు కట్టాడు, మంచం పట్టి పోయాడు. నాతో ఆ సంగతి మళ్లీ ఎత్తనేలేదు. బహుశా మరిచిపోయి ఉంటాడు. ఆయన మీదికి నెట్టడం తేలిక. కానీ లచ్చమ్మ అడిగింది ఆయన్ని కాదు. ఇంకోటి కూడా చెప్పుకునేవాణ్ణి. విన్నా వాళ్లు పేరు రాయించుకునేవాళ్లు కాదేమో. వెళ్లినా పని దొరికేది కాదేమో. జొన్నలు వచ్చినా గడ్డలు తినేదేమో. ఈ ఏమోల మీద ఇరవై రెండేళ్లు తిన్నాను, నిద్రపోయాను. ఎంత హాయిగా నిద్రపోయానో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అయిదేళ్ల కింద భద్రాచలం బస్టాండులో ఒకామె “రేడియో సారు గదా!” అని పలకరించింది. సోమక్క. పిల్లల హాస్టల్లో వంట చేస్తోందట. వద్దన్నా వినకుండా టీ ఇప్పించింది. జోగయ్య కిందటేడే పోయాడని చెప్పింది.

“మా నాయిన మీ ముచ్చట మస్తు చెప్పేటోడు సారూ. మా అమ్మ సచ్చిన పొద్దు సారు బండెక్కిండు, తల ఒళ్లె పెట్టుకున్నడు, గసొంటి మనిషి ఉండడు అనేటోడు.”

బస్సు రావడానికి పావుగంట ఉంది. పావుగంట చాలా ఎక్కువ. నేను టీ తాగాను. పిల్లలేం చదువుతున్నారని అడిగాను. బస్సు వచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి చెయ్యి ఊపాను కూడా.

ఈ కాగితాలు ఆమెకు పంపితే? ఆమెకు చదువు రాదు. ఎవరో ఒకరు చదివి వినిపించాలి. చదివేవాడు మధ్యలో ఏమీ మింగకుండా చదువుతాడని నేనెట్లా నమ్మను? నేనే వెళ్లి చెప్పాలి. వెళ్తానా? రాస్తున్నప్పుడు వెళ్తాననే అనిపిస్తోంది. నా సంగతి నాకు తెలుసు కనుక మీకు మాట ఇవ్వను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ దగ్గర లేదు. ఉన్నా నాకు చెందదు. నేను విన్నాను. నాకు తెలుసు. లచ్చమ్మ అడిగింది, నేను అబద్ధం చెప్పాను. ఇంతవరకూ ఈ మూడు ముక్కలు ఏ మనిషితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా.

ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉంది. ఆ తేలికదనాన్ని చూస్తే కూడా నాకు రోతగానే ఉంది. అయినా ఉంది.